ఆయుధాల అడుగుజాడలు – 14: ఇషాపూర్‌లో పుట్టి, అమెరికా అంగడికి చేరి

న్యూయార్క్ నుంచి హడ్సన్ నది గట్టు వెంబడి ఉత్తరానికి వెళ్లే రైలెక్కితే, గంట దాటాక నదిలో ఒక చిన్న దీవి, దాని మీద సగం కూలిన కోట కనిపిస్తాయి. గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో బ్యానర్‌మన్ ఐలాండ్ ఆర్సెనల్ అని ఉంటుంది. తెలియనివాళ్లు ఏ ధనవంతుడో వేసవి విడిదిగా కట్టించుకున్నాడనుకుంటారు. నిజానికి అది గోదాము. యుద్ధాలు ముగిశాక మిగిలిపోయిన తుపాకులు, తూటాలు, గుర్రపు జీనులు, కత్తులు, యూనిఫారాలు అమ్ముడుపోయేదాకా అక్కడే ఉండేవి.

పొగలేని మందు రావడం, కార్డైట్ అనే ఆ మందు వేడికి లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ గొట్టాలు త్వరగా అరిగిపోవడం, 1895లో లోతైన గాళ్లతో లీ-ఎన్‌ఫీల్డ్ పుట్టడం కిందటి భాగంలో చెప్పుకున్నాం. ఒక సైన్యం కొత్త తుపాకి అందుకున్న రోజున పాతది ఎక్కడో ఒకచోటికి పోవాలి. అది ఎటు పోయింది, ఎవరు కొన్నారు, ఎవరిని కొననివ్వలేదు అన్నది ఈ వారం కథ. మనవాళ్లు మన నేల మీదే చేసిన ఒక రైఫిల్ ఈ కథ మధ్యలో ఉంది.

ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్ 1851లో స్కాట్లాండ్‌లోని డండీలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో బ్రూక్లిన్ చేరాడు. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసేసరికి ప్రభుత్వం దగ్గర సరుకు గుట్టలుగా పడి ఉంది. వేలంలో కొన్నవాళ్లు తుపాకుల్ని తుక్కు కింద లెక్కగట్టి, ఇనుము ఇనుముగా, ఇత్తడి ఇత్తడిగా విడగొట్టి అమ్ముకునేవారు. బ్యానర్‌మన్‌ వాటిని విడగొట్టకుండా, తుపాకిని తుపాకిగానే అమ్మితే ఎక్కువ వస్తుందని గ్రహించాడు. ఆ ఒక్క ఆలోచన మీద పెద్ద వ్యాపారం లేచింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం ముగిశాక అమెరికా పట్టుకున్న స్పానిష్ ఆయుధ సామగ్రిలో చాలా భాగం ఆయనే కొన్నాడు. అంత మందుగుండు న్యూయార్క్ నగరంలో ఉంచడానికి వీల్లేకపోయింది. అందుకే 1900లో ఆ దీవి కొని, తనకు నచ్చిన స్కాట్లాండ్ కోటల నమూనాలో గోదాములు కట్టించాడు. ఆయన కేటలాగు వందల పేజీల పుస్తకం. నాటకాల కంపెనీలు, మ్యూజియంలు, వేటగాళ్లు, సొంత సేన పెట్టుకోదలచిన దేశాలు, అందరూ అందులోంచే ఎంచుకునేవారు. ఆయన 1918లో పోయాడు. రెండేళ్లకు, 1920లో, దీవిలోని మందు గిడ్డంగి పేలింది.

అమెరికా ప్రభుత్వం తన పౌరులకు పాత సైనిక రైఫిళ్లు అమ్మడానికి చట్టమే చేసింది. 1905 నాటి ఆ చట్టంతో రైఫిల్ క్లబ్బులు సైన్యం పక్కనపెట్టిన తుపాకుల్ని కొనుక్కోగలిగాయి. గురి నేర్చుకున్న పౌరుడు రేపు యుద్ధమొస్తే పనికొస్తాడన్నది వాళ్ల లెక్క. అదే కాలంలో మన దేశంలో ప్రభుత్వం లెక్క సరిగ్గా తలకిందులుగా ఉంది. దాని సంగతి తర్వాత.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ వ్యాపారం ఊహకందని స్థాయికి పెరిగింది. యూరప్ సైన్యాలన్నీ ఆటోమేటిక్ తుపాకుల వైపు తిరిగాయి. కోట్లలో తయారైన బోల్టు రైఫిళ్లకు పని లేకుండా పోయింది. ఇంగ్లండు, ఇటలీ, స్పెయిన్, లాటిన్ అమెరికా దేశాలు కొనేవాడి కోసం చూస్తున్నాయి. ఆ కొనేవాడు శామ్యూల్ కమింగ్స్. 1927లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. అయిదేళ్ల వయసులో మాజీ సైనికుల సంఘం భవనం బయట పారేసిన ఒక తుప్పుపట్టిన మాగ్జిమ్ మరతుపాకిని ఇంటికి తెచ్చుకున్నాడట. ఆ పిచ్చి వదల్లేదు. 1950లలో మొదట సీఐఏలో ఆయుధాల నిపుణుడిగా పనిచేసి, 1953లో ఇంటర్‌ఆర్మ్‌కో అనే కంపెనీ పెట్టాడు. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో, పొటోమాక్ నది ఒడ్డున, వాషింగ్టన్‌కు కూతవేటు దూరంలో ఆయన గోదాములుండేవి. దేశాలు వదిలించుకుంటున్న రైఫిళ్లను టోకున కొని, ఓడల్లో తెచ్చి, అమెరికన్ వేటగాడికి చవగ్గా అమ్మేవాడు. కొత్త వేట రైఫిల్ కొనలేని రైతు, కార్మికుడు పాత లీ-ఎన్‌ఫీల్డ్ కొని, ముందు కర్ర కోసేసి, జింకల వేటకు పోయేవాడు. ఈనాటి సేకర్తలు ఆ కోసేసిన కర్రలు తలచుకుని బాధపడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన వస్తువు అది.

ఈ చవక సరుకు అమెరికన్ తుపాకి కంపెనీలకు మింగుడుపడలేదు. వాళ్ల ఫ్యాక్టరీలు ఎక్కువగా మసాచుసెట్స్, కనెక్టికట్ రాష్ట్రాల్లో ఉన్నాయి. దిగుమతి ఆపమని వాళ్లు తమ ప్రతినిధుల మీద ఒత్తిడి తెచ్చారు. 1958లో విదేశీ పాత సైనిక తుపాకుల దిగుమతిని నిషేధించాలంటూ మసాచుసెట్స్ సెనేటర్ ఒకరు బిల్లు పెట్టారు. ఆ సెనేటర్ పేరు జాన్ ఎఫ్. కెన్నెడీ. ఆ బిల్లు అనుకున్న రూపంలో నెగ్గలేదు. విదేశాలకు వెళ్లిన అమెరికన్ తయారీ తుపాకులు తిరిగి రాకుండా మాత్రం అడ్డుకట్ట పడింది. మిగతా దిగుమతి యథాప్రకారం సాగింది.

అయిదేళ్లకు, 1963 ఫిబ్రవరిలో, ఒక తుపాకుల పత్రికలో షికాగోకు చెందిన క్లైన్స్ అనే దుకాణం ప్రకటన వచ్చింది. ఇటలీ సైన్యం వదిలేసిన 6.5 మిల్లీమీటర్ల కార్కానో రైఫిల్, టెలిస్కోపుతో కలిపి 19 డాలర్ల 95 సెంట్లు. తపాలా ఖర్చు మరో డాలరున్నర. ఎ. హైడెల్ అనే దొంగ పేరుతో మనియార్డరు కట్టి ఆ తుపాకి తెప్పించుకున్నవాడు లీ హార్వీ ఆస్వాల్డ్. 1940లో ఇటలీలోని టెర్నీలో తయారైన ఆ రైఫిల్ నంబరు సి 2766. అది డల్లాస్‌లోని ఒక పోస్టు బాక్సుకు చేరింది. ఆ నవంబరు 22న అదే నగరంలో ప్రెసిడెంట్ కెన్నెడీ మరణించారు. అయిదేళ్ల ముందు ఆయన పెట్టిన బిల్లు నెగ్గి ఉంటే ఆ రైఫిల్ అమెరికా గడ్డ మీదికి వచ్చేదే కాదేమో. ఆయన ఆ బిల్లు పెట్టింది తన రాష్ట్రంలోని ఫ్యాక్టరీ కార్మికుల కోసం. అలాంటి తుపాకి ఒకటి తన ప్రాణం మీదికి వస్తుందని ఎవరు ఊహించగలరు?

దాని తర్వాత కూడా చట్టం రావడానికి మరో అయిదేళ్లు పట్టింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, ఆ వెంటనే రాబర్ట్ కెన్నెడీ హత్యలు జరిగాక, అక్టోబరులో తుపాకుల నియంత్రణ చట్టం వచ్చింది. పొరుగు రాష్ట్రం నుంచి పోస్టులో రైఫిల్ తెప్పించుకునే పద్ధతి మామూలు జనానికి పోయింది. పాత సైనిక తుపాకుల దిగుమతి ఆగిపోయింది. 1980ల మధ్యలో కొన్ని షరతులతో మళ్లీ తలుపు తెరిచారు. ఆ తెరిచిన తలుపులోంచే మన ఇషాపూర్ రైఫిల్ లోపలికి వెళ్లింది.

ఇషాపూర్ కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఉంది. అక్కడ తూర్పు ఇండియా కంపెనీ కాలం నుంచే మందుగుండు తయారీ ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ స్థలంలోనే రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. మన జనం త్రీనాట్‌త్రీ అని పిలుచుకునే పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్ ఇక్కడ లక్షల్లో తయారైంది. 1907లో ఆమోదం పొందిన మార్క్ త్రీ, యుద్ధం ఒత్తిడిలో 1916లో కొన్ని భాగాలు తీసేసి సులభం చేసిన మార్క్ త్రీ స్టార్, ఇవి రెండూ దాని ముఖ్యమైన రూపాలు. మ్యాగజీనులో 10 తూటాలు పడతాయి. అయిదేసి తూటాల క్లిప్పులు రెండు పైనుంచి నొక్కితే నిండిపోతుంది. బరువు దాదాపు నాలుగు కిలోలు. బోల్టు కొద్దిగా పైకెత్తి, వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు, చెంపకు ఆనించిన తుపాకి కదలకుండానే ఖాళీ తూటా ఎగిరిపడి కొత్తది ఎక్కుతుంది. ఆ రోజుల్లో సైనికుల చేతిలో ఉన్న బోల్టు రైఫిళ్లలో వేగానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. బ్రిటిష్ శిక్షణలో నిమిషానికి కనీసం 15 గుళ్లు, 300 గజాల దూరంలోని గురికి తగలాలి.

అయితే అంత మంచి తుపాకి భారతీయ సిపాయి చేతికి ఆలస్యంగానే వచ్చింది. 1857 తర్వాత తెల్ల సైనికుడి తుపాకి కన్నా నల్ల సైనికుడి తుపాకి ఒక తరం వెనకబడి ఉండాలన్నది ప్రభుత్వం చాలాకాలం పాటించిన పద్ధతి. 1914 సెప్టెంబరు చివర్లో మన పటాలాలు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగాక అక్కడ కొత్త రకం రైఫిళ్లు అందుకున్నాయి. అలవాటు పడేంత వ్యవధి లేకుండానే ఆ అక్టోబరులో యుద్ధరంగంలోకి వెళ్లాయి. పోలీసులకు, జైలు వార్డర్లకు మరీ వేరే సంగతి. అదే లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపలి గాళ్లు తీసేసి నున్నగా చేసి, మ్యాగజీను మూసేసి, ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే 410 మస్కెట్లుగా మార్చి ఇచ్చారు. ఒకవేళ ఆ తుపాకి జనం చేతిలో పడినా ఎక్కువ దూరం కాల్చలేకుండా ఉండాలని.

త్రీనాట్‌త్రీని నేను మొదట మోసింది కాలేజీలో, ఎన్‌సీసీ పరేడులో. మాకిచ్చినవి డ్రిల్లుకు మాత్రమే పనికొచ్చేవి. మీద డి.పి. అని గుద్ది ఉండేది. వాటిలో తూటా పేలే ఏర్పాటు తీసేస్తారు. ఎండలో డ్రిల్లు చేసి చేసి భుజం వాచిపోయేది. అప్పుడు దాని ఒంటి మీద ఏం రాసి ఉందో చదవాలన్న ధ్యాస ఎవరికీ ఉండేది కాదు. ఆ రాత చదవడం నేను నేర్చుకున్నది చాలా ఏళ్లకు, టెక్సస్‌లో.

మా మేనల్లుడు డల్లాస్ శివార్లలో స్థిరపడ్డాడు. అక్కడి పౌరుడయ్యాడు. పాత వస్తువుల మీద ప్రేమ వాడికి మా అక్కయ్య నుంచి వచ్చింది. నేను వెళ్లినప్పుడు ఒక తుపాకుల సంతకు తీసుకెళ్లాడు. పెద్ద హాలు, వరసగా బల్లలు, వాటి మీద దుప్పట్లు పరిచి తుపాకులు. ఒక మూలన ముసలాయన ముందు నాలుగు లీ-ఎన్‌ఫీల్డ్‌లు ఉన్నాయి. ఒకటి బ్రిటన్‌ది, ఒకటి ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీది, రెండు మనవి.

"చూడు మామయ్యా, మనూరి సరుకు" అని మావాడు ఒక తుపాకి మెడ దగ్గర వేలు పెట్టాడు. బట్ మొదలయ్యేచోట లోహపు పట్టీ మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అంటే చక్రవర్తి జార్జి అని లాటిన్‌లో. కింద ఇషాపూర్, 1942. పక్కనున్న రెండో తుపాకి మీద కిరీటం లేదు. ఆర్.ఎఫ్.ఐ., 1967. రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. ఒకే ఫ్యాక్టరీ, పాతికేళ్ల తేడా, మధ్యలో ఒక స్వాతంత్ర్యం. ఆ బల్ల దగ్గర నేను చాలాసేపు కదల్లేదు.

కొనే ముందు మావాడు చూసిన తీరు నాకు ముచ్చటేసింది. ముందు నంబర్లు. గొట్టం మొదట్లో ఉన్న నంబరు, బోల్టు పిడి వెనక ఉన్నది, ముక్కు దగ్గరి ఇనుప టోపీ మీద ఉన్నది ఒకటేనా? బోల్టు ఒక తుపాకిది, ఒళ్లు మరో తుపాకిది అయితే జాగ్రత్తపడాలి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో తూటా వెనక అంచుకు, బోల్టు ముఖానికి మధ్య సందు సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే కాల్చినప్పుడు తూటా వెనక్కి సాగి, మొదట్లో తెగే ప్రమాదం ఉంది. ఆ సందు కొలవడానికి వాడి జేబులో ఉక్కు గేజీలు ఉన్నాయి. తర్వాత బోల్టు తీసేసి, ఆ ఖాళీలో తెల్లకాగితం పెట్టి, మూతి వైపు నుంచి లోపలికి చూశాడు. అయిదు గాళ్లు ఎడమవైపు మెలితిరుగుతూ స్పష్టంగా కనిపించాయి. మూతి దగ్గర మాత్రం కాస్త అరుగుదల. తాడుకు గుడ్డముక్క కట్టి గొట్టం తుడిచేటప్పుడు ఆ తాడు ఏటవాలుగా రాసుకుని మూతిని తినేస్తుంది. అంటే ఎవరో సిపాయి ఏళ్ల తరబడి దాన్ని శ్రద్ధగా శుభ్రం చేశాడన్నమాట.

కర్ర మీద, మ్యాగజీనుకు కాస్త ముందు, అడ్డంగా దిగిన మర చూపించాడు. అది మన దేశంలో చేసిన మార్పు. మన వాతావరణంలో కర్ర ఎండి, నాని, చీలకుండా బిగింపు కోసం వేసేవారు. కొన్నిటికి ముందు కర్ర చుట్టూ రాగితీగ చుట్టి ఉంటుంది. మూతికి గిన్నె తగిలించి గ్రనేడ్ విసరడానికి వాడినవి అవి. డి.పి. గుద్దిన తుపాకులు కూడా కొన్ని అక్కడి సంతల్లోకి వచ్చాయనీ, వాటిని గోడకు తగిలించుకోవాలే కానీ కాల్చకూడదనీ ముసలాయన చెప్పాడు. నాకు ఎన్‌సీసీ గ్రౌండు గుర్తొచ్చింది.

1942 నాటిది మావాడు కొన్నాడు. అమ్మిన ముసలాయన లైసెన్సు ఉన్న వ్యాపారి. ఒక ఫారం నింపి, నేరచరిత్ర ఉందో లేదో ఫోనులో కనుక్కునే తనిఖీ అయ్యాక తుపాకి చేతికిచ్చాడు. 50 ఏళ్లు దాటిన తుపాకులు సేకరించేవారికి అక్కడ వేరే లైసెన్సు ఉంది. అది తీసుకుంటే ఇంటికే పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు. నేను దాన్ని చేత్తో పట్టుకోలేదు. విజిటర్ వీసా మీద వెళ్లినవాడు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు లేకుండా, తుపాకి పట్టడం అక్కడ నేరం. మన యాత్రికులు చాలామందికి ఈ సంగతి తెలియదు. పిల్లలు సరదాగా రేంజికి తీసుకెళ్తామంటే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మరునాడు రేంజిలో, చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని వెనక కూర్చుని చూశాను. మొదటి గుండు మావాడు భుజం మీద పెట్టి కాల్చలేదు. రెండు పాత టైర్ల మధ్య తుపాకిని బిగించి, ట్రిగ్గరుకు తాడు కట్టి, దూరం నుంచి లాగాడు. అది ఎలా ఉందో ఎవరికీ హామీ లేదు కదా. పేలాక ఖాళీ తూటా తీసి, వంచిన సన్నటి తీగ లోపలికి దూర్చి అడుగు దగ్గర గోకి చూశాడు. గాడిలా తగిలితే ఆ ఇత్తడి తెగబోతున్నట్టు. నున్నగానే ఉంది. అప్పుడు భుజానికెత్తాడు.

వెనక గురి ఆకు అన్నిటికన్నా కిందికి దించినా 200 గజాలకు ఉంటుంది. వంద గజాల అట్ట మీద గుండ్లు గురికి పైన తగిలాయి. యుద్ధంలో శత్రువు వంద గజాల్లో నిలబడి ఉంటాడని ఎవరు లెక్క వేసుకుంటారు? మావాడు కింద గురిపెట్టడం మొదలుపెట్టాక అయిదు గుండ్లు అరచేతిలో పట్టేంత జాగాలో పడ్డాయి. ఎనభై ఏళ్ల తుపాకి, ఇషాపూర్ కార్మికులు యుద్ధకాలపు హడావిడిలో చేసిన తుపాకి, అంత నిక్కచ్చిగా కొట్టింది. నాకు గర్వమేసింది, దాచను. ఇత్తడి బట్ ప్లేటు తగిలి వాడి భుజం మాత్రం ఎర్రబడింది. మ్యాగజీను నింపేటప్పుడు ఒకసారి తూటా ఇరుక్కుంది. పాయింట్ 303 తూటాకు వెనక అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడాలి, వెనక పడితే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. సిపాయికి ఇది నిద్రలో కూడా రావాలి.

వాడు కాల్చినవి సెర్బియాలో కొత్తగా తయారైన తూటాలు. పాతవి వేరు. పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో చేసిన తూటాల అడుగున కె., ఎఫ్. అక్షరాలు, మధ్యలో బాణం గుర్తు ఉంటాయి. సేకర్తలు వాటిని డబ్బాల్లో దాచుకుంటారు. ఒకటి విప్పి చూపిస్తే లోపల పొడి లేదు, సేమియా కట్టలాగా గోధుమరంగు కార్డైట్ పుల్లలు. ఆ తూటాల ప్రైమర్లో క్లోరేటు ఉంటుంది. పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాల్లో తేమ పీల్చుకుని రాత్రికి రాత్రి తుప్పు పట్టిస్తుంది. నూనె రాసినా ఆ ఉప్పు కరగదు. అందుకే బ్రిటిష్ ఇండియా బ్యారక్కుల్లో కాల్చి వచ్చిన సిపాయి ముందు గొట్టంలో మరిగే నీళ్లు పోసేవాడు. నీళ్లు ఉప్పును కడిగేస్తాయి, వేడికి గొట్టం దానంతటదే ఆరిపోతుంది. ఆ తర్వాతే నూనె. కర్రకు మాత్రం అవిసె నూనె. ఈ క్రమం తప్పిన తుపాకుల గొట్టాలే ఇప్పుడు సంతల్లో చీకటిగా, గుంటలు పడి కనిపిస్తున్నాయి.

ఇప్పుడు మొదట ఆపిన సంగతికి వద్దాం. ఆ తుపాకిని చేసిన దేశంలో మామూలు మనిషి దాన్ని ఎందుకు కొనలేడు?

1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు కట్టేసిన చట్టం వచ్చిన ఏడాదే ఇదీ వచ్చింది. లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం ఉంచుకోకూడదు. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. గాంధీజీ సైతం ఈ చట్టాన్ని కటువుగా విమర్శించారు. 1931లో కరాచీ కాంగ్రెస్ చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా ఒకటి. మన మన్యంలో దీని బరువు ఇంకా బాగా తెలుస్తుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. వాళ్లు వెతికింది డబ్బు కాదు, తుపాకులు, తూటాలు. ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషను రికార్డులో రాసి మరీ వెళ్లారు. చట్టబద్ధంగా తుపాకి దొరికే దారే లేని చోట అదొక్కటే దారి.

పౌరుడి చేతి తూటా, సర్కారు తూటా ఒకటి కాకూడదన్న భయం ఎంతదూరం పోయిందంటే, 1907లో 450 సైజు వేట రైఫిళ్ల దిగుమతిని కూడా భారతదేశంలో ఆపేశారు. పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులకు ఆ గుండు పనికొస్తుందేమోనని అనుమానం. పెద్ద పులుల వేటకు ఆ రైఫిళ్లు వాడే దొరల కోసం ఇంగ్లండు కంపెనీలు 470, 465 వంటి కొత్త కొలతలు కనిపెట్టాల్సి వచ్చింది. దేశం స్వతంత్రమయ్యాక వచ్చిన 1959 ఆయుధాల చట్టం, ఆ తర్వాతి నిబంధనలు కూడా ఈ గీతను చెరపలేదు. పాయింట్ 303, 7.62 తూటాలు పట్టే రైఫిళ్లు, 410 మస్కెట్లు ఈనాటికీ నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. ప్రత్యేక అనుమతి ఉన్న అతికొద్దిమందికే అవి. లైసెన్సున్న మన రైతుకు దొరికేది 315 స్పోర్టింగ్ రైఫిల్. దాన్ని చేసేదీ ఇషాపూరే. లోపలి యంత్రం లీ-ఎన్‌ఫీల్డ్‌కు దగ్గరి చుట్టం. తూటా మాత్రం పాత ఆస్ట్రియా సైన్యపు కొలత. సర్కారు తూటా పట్టకుండా ఉండాలి, అంతే.

అమెరికాలో విచ్చలవిడిగా తుపాకులు దొరకడం వల్ల జరుగుతున్న ఘోరాలు చూస్తూనే ఉన్నాం. అదే డల్లాస్ నగరం 1963లో ఏం చూసిందో పైన రాశాను. మనకు అలాంటి సంత రావాలని నేను కోరను. నా బాధ వేరే. ఆ తుపాకి గురించిన జ్ఞానం కూడా తుపాకితో పాటే సముద్రం దాటిపోయింది.

ఆ బల్ల మీది రెండో రైఫిల్ సంగతే చూడండి. 1962లో చైనాతో యుద్ధం తర్వాత మన సైన్యానికి తుపాకులు అత్యవసరమయ్యాయి. కొత్త సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ అందరికీ అందేలోపు, అదే 7.62 తూటా పేల్చగల బోల్టు రైఫిల్ ఒకటి ఇషాపూర్ ఇంజనీర్లు రూపొందించారు. పాత తుపాకికి కొత్త గొట్టం బిగించారని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఎక్కువ ఒత్తిడి తట్టుకునే మేలైన ఉక్కుతో కొత్తగా చేశారు. మ్యాగజీను పలకగా మార్చారు, 12 తూటాలు పట్టేలా. మొదట వచ్చింది 2ఎ. గురి ఆకు 2000 నుంచి 800కు తగ్గించాక 2ఎ1 అయింది. మామూలు సిపాయి కోసం బోల్టు రైఫిల్ కొత్తగా తయారు చేయడం ప్రపంచ దేశాలు దాదాపు మానేసిన రోజుల్లో, చేతిలో ఉన్న యంత్రాలతో, ఉన్న పనివాళ్లతో, ఒక పేదదేశం తన సిపాయిని ఖాళీ చేతులతో నిలబెట్టకూడదని చేసిన పని అది. 1980ల చివర, 1990లలో ఈ 2ఎ1లు, పాత త్రీనాట్‌త్రీలు అమెరికా దిగుమతిదారులకు చేరాయి. రెండు వందల డాలర్ల లోపే అమ్ముడయ్యేవి. దిగుమతి చట్టం ప్రకారం గొట్టం మీద సన్నటి అక్షరాలతో కంపెనీ పేరు, పక్కన ఇండియా అని చెక్కారు.

ఈ రోజు ఇషాపూర్ రైఫిళ్ల మీద ఏ ముద్ర ఏ ఏడాది మారింది, ఏ వరస నంబరు ఎప్పటిది, ఏ మరమ్మతు గుర్తుకు అర్థమేమిటి అని పట్టికలు వేసేది టెక్సస్, ఒహాయో, ఆస్ట్రేలియా సేకర్తలు. రిటైరైన రైల్వే ఉద్యోగి, స్కూలు టీచరు, మావాడిలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. తుపాకి చేతిలో ఉంది కాబట్టి చదువుతున్నారు. మనకు ఆ తుపాకి ఎప్పుడూ పోలీసు భుజం మీద దూరంగా కనిపించిన వస్తువే. 2008 నవంబరులో ముంబయి సీఎస్‌టీ స్టేషనులో ఏకే-47ల ఎదుట మన కానిస్టేబుళ్లు నిలబడ్డది ఈ త్రీనాట్‌త్రీలతోనే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినాన. ఇషాపూర్ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు నుంచి కొత్త ప్రభుత్వ కంపెనీలో భాగమైంది.

మన రెండు రాష్ట్రాల్లో జిల్లా సాయుధ పోలీసు ప్రధాన కార్యాలయాల ఆయుధాగారాల్లో పనిచేసి రిటైరైన ఆర్మరర్లు ఈ ధారావాహిక చదువుతున్నారని పాత భాగాలకు వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. మీ చేతుల మీదుగా వెళ్లిన మస్కెట్లు, త్రీనాట్‌త్రీల మీద మీరు చూసిన ముద్రలు, ఏళ్లు, మార్పులు గుర్తున్నంత రాసి పత్రిక చిరునామాకు పంపండి. 410 మస్కెట్ల గురించి ముఖ్యంగా. మన మన్యం స్టేషన్లలో అవి ఏ ఏడు వచ్చాయి, ఏ ఏడు పోయాయి అన్న వివరం కోసం ఎదురుచూస్తున్నాను. వచ్చినవాటిని సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ భాగంతో పాటు అచ్చువేస్తాం.

(ఇంకా ఉంది)